వెనక్కి తిప్పే మనిషి

దీవికి సెలవులకి వెళ్లేవాళ్లు సముద్రం గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. కిటికీ తెర తీస్తే కనిపిస్తుంది, నాలుగడుగులు వేస్తే కాళ్లు తడుపుతుంది. ఆలోచించవలసింది జలపాతం గురించి. అది దీవి నడుమ, కొండల్లో, తారు రోడ్డు ఆగిపోయిన చోట ఉంటుంది. నడిస్తే తప్ప దొరకదు. నడవాలంటే దారి తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషిని ఎలా ఎంచుకోవాలి, బయల్దేరే ముందు అతనితో ఏం మాట్లాడుకోవాలి, అతనికి ఏ అధికారం ఇవ్వాలి అనే ప్రశ్నలు నాకు జలపాతం కన్నా పెద్దవిగా తోచాయి. ఇప్పటికీ అలాగే తోస్తున్నాయి.

మేం వెళ్లింది మారిషస్. టికెట్లూ గదులూ మా అమ్మాయి చూసుకుంది. కొండ నడక సంగతి నేను చూస్తానన్నాను. ఆ దీవిలో జలపాతాలకు కొదవ లేదు. షామరెల్ జలపాతం 80 మీటర్ల పైనుంచి ఒక్క దూకున పడుతుంది. కారు దిగి కాస్త నడిచి, కమ్మీలు పట్టుకుని చూసి రావచ్చు. బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ పార్కులో ఉన్న అలెగ్జాండ్రా జలపాతం కూడా దూరం నుంచి చూసేదే. నా మనసు మాత్రం అక్కడివాళ్లు సెవెన్ కాస్కేడ్స్ అని పిలుచుకునే తమరిన్ జలపాతాల మీద పడింది. వకోవా పట్టణానికి దగ్గర్లో హెన్రియెట్టా అనే ఊరుంది. చుట్టూ చెరకు తోటలు. ఆ తోటల అంచున నేల ఒక్కసారిగా తెగిపోయి లోయలోకి దిగుతుంది. ఆ తెగిన చోటు నుంచి తమరిన్ నది అంచెలంచెలుగా కిందికి దూకుతుంది. పేరుకు ఏడు జలపాతాలు. చిన్నా పెద్దా అన్నీ కలిపి లెక్కపెట్టే వాళ్లకి ఇంకా ఎక్కువే తేలతాయి.

ఈ నడకకి ఒక విశేషం ఉంది. దాన్ని అర్థం చేసుకోవడంతోనే నా ప్రణాళిక మొదలైంది. మనకి అలవాటైన కొండల్లో ముందు ఎక్కడం, తర్వాత దిగడం. తిరుమల మెట్ల దారిలో ఓపిక అయిపోయిందనుకోండి, అక్కడే కూర్చోవచ్చు, కాదంటే కిందికి దిగిపోవచ్చు. ఎంత శక్తి మిగిలిందో కొండే చెబుతూ ఉంటుంది. సెవెన్ కాస్కేడ్స్‌లో మొదలుపెట్టేది పైనుంచి. పొద్దుటి చల్లదనంలో, కొత్త ఉత్సాహంతో దిగుతారు. ఒక్కో జలపాతం, ఇంకో జలపాతాన్ని చూడమని పిలుస్తుంది. మధ్యాహ్నం దాటాక, ఒళ్లు తడిసి కాళ్లు బరువెక్కాక, ఎక్కడం మొదలవుతుంది. లోయ అప్పిచ్చే షావుకారు లాంటిది. తీసుకునేటప్పుడు బరువు తెలియదు, తీర్చేటప్పుడు వడ్డీతో సహా తెలుస్తుంది. అందుకే అక్కడ ఎంత దూరం దిగగలం అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎంత దూరం ఎక్కగలమో తేల్చుకుని, దాన్నిబట్టి ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోవాలి.

గైడు కోసం వెతికినప్పుడు చాలామంది పంపిన సమాచారంలో ఫోటోలు ఉన్నాయి, ధర ఉంది, భోజనం కలిపా కాదా అన్నది ఉంది. హెన్రియెట్టా కుర్రాడు ఒకతను మాత్రం వీటికన్నా ముందు ఒక ప్రశ్న పంపాడు. మీలో అందరికన్నా నెమ్మదిగా నడిచేదెవరు, వారికి వయసెంత, మోకాళ్లు ఎలా ఉన్నాయి అని. అతనికి సమాధానం రాయడానికి నేను మా వదిన పక్కన కూర్చోవలసి వచ్చింది. మావారి అక్కగారు ఆవిడ. అరవై దాటాయి. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చెప్పులు లేకుండా చుట్టి వస్తుంది. "నాకేమే, నడవగలను. నా గురించి మీరెవరూ ఆగక్కర్లేదు" అంది. అదే మాట రాశాను. దానికి అతను వెంటనే, "ఆవిడ మేడ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటారా మేడమ్?" అని అడిగాడు. నేను వదిన వంక చూశాను. పట్టుకుంటుంది. ఇంట్లో రోజూ చూస్తూనే ఉన్నా, దాన్ని ఎన్నడూ ఒక సంగతిగా లెక్కపెట్టలేదు. బల్లపరుపు రోడ్డు మీద ఎంత దూరమైనా నడవడం వేరు, తడి రాళ్ల మీద ఏటవాలుగా దిగడం వేరు. దిగేటప్పుడు ఒంటి బరువంతా మోకాలి మీదే పడుతుంది. ఇది వైద్యులకి తెలిసిన విషయమే కానీ, ఊళ్లో పుట్టి పెరిగి రోజూ మనుషుల కాళ్లను చూసే ఆ కుర్రాడికి వైద్యుడు చెప్పక్కర్లేకుండానే తెలుసు.

ఆ ప్రశ్నతో నాకు నమ్మకం కుదిరింది. జట్టు నడక అందరికన్నా నెమ్మదైన మనిషి నడక. మిగతావాళ్ల ఉత్సాహంతో ప్రణాళిక వేస్తే, ఆ ఒక్కరూ రోజంతా క్షమాపణ చెప్పుకుంటూ నడవాలి. ఇంట్లో పెద్దవాళ్లు చాలామంది ప్రయాణాల్లో ఇలాగే నడుస్తారు. మాకోసం ఆగొద్దంటారు, నొప్పి దాచుకుంటారు. వాళ్ల నడకనే కొలతగా పెట్టుకుంటే దాచుకోవలసిన అవసరమే రాదు. మొదటి రెండు మూడు జలపాతాల దాకా దిగి, అక్కడి కొలను దగ్గర కాసేపు గడిపి, ఎండ ఉండగానే పైకి రావాలని అనుకున్నాం. ఏడూ చూసి రావడం ఆ రోజు మా పని కాదని ఇంట్లోనే ఒప్పుకున్నాం.

తర్వాతది వాన సంగతి. మారిషస్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేడిగా, వానగా ఉంటుంది. తుపానులు వచ్చే కాలం కూడా అదే. మే నుంచి అక్టోబరు దాకా చల్లగా, కాస్త పొడిగా ఉంటుంది. మేం సెప్టెంబరులో వెళ్లాం. అయినా ఆ దీవిలో వాన నెలనిబట్టి మాత్రమే ఉండదు, చోటునిబట్టి కూడా ఉంటుంది. ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాలు సముద్రపు తేమనంతా మోసుకొచ్చి మధ్య పీఠభూమి మీద దించేస్తాయి. అక్కడ ఏడాదికి నాలుగు వేల మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. పడమటి తీరం ఆ కొండల చాటున పడి వెయ్యి మిల్లీమీటర్ల లోపుతోనే సరిపెట్టుకుంటుంది. మేం దిగింది పడమటి తీరంలో, ఫ్లిక్-అన్-ఫ్లాక్‌లో. అక్కడ పొద్దున్నే నీలాకాశం, ఇసుక మీద ఎండ. కారులో గంట కూడా పట్టని దూరంలో, వకోవా మీద బూడిదరంగు మబ్బు. తీరంలో ఆకాశం చూసి లోయలో నడకని నిర్ణయించుకోకూడదన్నది దీనివల్లే. లోయలోకి వచ్చే నీరు లోయలో పడిన వాన కాదు. ఎక్కడో పైన, మనకి కనిపించని చోట పడిన వాన. దీవి చిన్నది, నదులు పొట్టివి, కొండలు నిటారుగా ఉంటాయి. పైన పడిన నీరు కిందికి రావడానికి రోజులు పట్టవు. 2013 మార్చి 30న రాజధాని పోర్ట్ లూయీలో రెండు గంటలైనా పట్టని వానకి వరద ముంచెత్తి 11 మంది చనిపోయారు. నగరం నడిబొడ్డునే అలా జరిగితే, ఇరుకు లోయలో నీటికి ఎంత తొందర ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే నేను చెప్పదలచిన అసలు మాట ఉంది. గైడుకి మనం డబ్బిచ్చేది దారి చూపినందుకని అనుకుంటాం. దారి ఈ రోజుల్లో ఫోను కూడా చూపిస్తుంది. ముందుకు తీసుకెళ్లే మనిషి దొరకడం కష్టం కాదు. ముందుకు వెళ్లడమే మనందరికీ ఇష్టం కాబట్టి, మనల్ని మనమే తీసుకెళ్తాం. దొరకనిది, "చాలు, ఇక వెనక్కి" అనగలిగిన మనిషి. ఆ మాట అనడం అతనికి ఎంత కష్టమో మనం ఆలోచించం. ఎక్కడి నుంచో విమానమెక్కి వచ్చిన కుటుంబం, ఈ ఒక్క రోజు కోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు. వాళ్ల మొహాల్లో నిరాశ చూడాలి. నడక చివర చేతికి రావలసిన డబ్బు తగ్గవచ్చు. ఆ రాత్రే ఫోనులో వాళ్లు ఇచ్చే నక్షత్రాలూ తగ్గవచ్చు. డబ్బూ నక్షత్రాలూ రెండూ గైడుని ముందుకే తోస్తాయి. మబ్బు ఒక్కటే అతన్ని వెనక్కి లాగుతుంది. ఆ మూడింటి మధ్య అతన్ని ఒంటరిగా నిలబెట్టి, క్షేమంగా తీసుకురమ్మనడం న్యాయం కాదు.

అందుకని ముందురోజే ఫోనులో మాట్లాడుకున్నాం. వాన అనుమానంతో పొద్దున్నే వద్దన్నా, సగం దారిలో వెనక్కి తిప్పినా, అతని కూలి పూర్తిగా అతనిదే. వెనక్కి తిరగమన్న మాట మీద మాలో ఎవరం వాదించం. ఎందుకని అడగవచ్చు, కానీ నడుస్తూనే అడగాలి. మావారికి ఇది మొదట వింతగా అనిపించింది. "చూపించని జలపాతానికి కూడా డబ్బిస్తామా?" అన్నారు. జలపాతానికి కాదు, అతని మాటకి ఇస్తున్నామని చెప్పాను. మన ఆశకి లొంగకుండా నీటిని చూసి నిర్ణయం చేసే స్వేచ్ఛ అతనికి ఉండాలంటే, ఆ స్వేచ్ఛ వల్ల అతని ఇంటికి నష్టం రాకూడదు. ఆ నష్టాన్ని ముందే మన మీద వేసుకోవడమే ప్రణాళికలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. బూట్లు, నీళ్ల సీసాలు, తడవని సంచి ఆ తర్వాతివి.

నడక చెరకు తోటల్లోంచి మొదలైంది. ఎర్రమట్టి బాట. చెరకు మనిషికన్నా ఎత్తుగా ఉంది. తోటల మధ్య అక్కడక్కడా నల్లటి రాళ్లు పెద్ద పెద్ద కుప్పలుగా పేర్చి ఉన్నాయి. మొదట పాడుబడిన కట్టడాలేమో అనుకున్నాం. మా గైడు ఒక కుప్ప దగ్గర ఆగి, దాని అంచు మీద చెయ్యి వేసి చూపించాడు. అగ్నిపర్వతపు రాయి. గరుకుగా, చిన్న చిన్న బొడిపెలతో, నాచు పట్టి ఉంది. అడుగున పెద్దవి, పైన చిన్నవి, జారకుండా ఒద్దికగా పేర్చినవి. ఈ నేలంతా ఒకప్పుడు ఇలాంటి రాళ్లే. చెరకు నాటాలంటే ముందు వాటిని ఏరాలి. ఏరింది కూలీలు. 1834 నుంచి 20వ శతాబ్దం తొలినాళ్ల దాకా ఒప్పందపు కూలీలుగా ఆ దీవిలో దిగినవాళ్లు అయిదు లక్షలకు దగ్గరగా ఉంటారు. వాళ్లు అడుగుపెట్టిన పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్ 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఎక్కినవాళ్లు కాబట్టి అక్కడ వాళ్లని కోరంగీలనేవారు. ఇప్పుడు ఆ దీవిలో ఉగాదికి ప్రభుత్వ సెలవు. అక్కడి తెలుగువాళ్లు రామభజన చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారు. ఆ పేరు విన్నాక మా వదిన రాళ్ల కుప్ప దగ్గర బూట్లు విప్పబోయింది. గైడు వద్దనలేదు. ఆవిడ రాయిని ముట్టుకుని కళ్లకద్దుకుని, మళ్లీ బూట్ల తాళ్లు కట్టుకునే దాకా ఆగాడు.

ఆ రాళ్ల దగ్గర నాకు ఇంకో సంగతి మనసుకు వచ్చింది. ఈ బాటలో వెనక్కి తిరగడానికి మా చేతిలో అన్ని వీలులూ ఉన్నాయి. ఒప్పందం మీద వేలిముద్ర వేసి వచ్చినవాళ్లకి ఆ వీలు లేదు. వద్దన్నా, ఒంట్లో బాగాలేదన్నా, కూలి కోతే. పనికి రాని ఒక్కో రోజుకి రెండు రోజుల కూలి కోసే పద్ధతి కూడా ఆ తోటల్లో నడిచింది. ఆ నేల మీద, ఆ ఊరివాడితోనే, నువ్వు వద్దంటే నీ కూలి పోదు అని ఒప్పుకున్నాం. అది పెద్ద ఘనత ఏమీ కాదు. కానీ ఎక్కడ నడుస్తున్నామో తెలిసినవాళ్లు చెయ్యవలసిన కనీసపు పని అది.

చెరకు అయిపోయాక అడవి. అడవి అంటే ఎక్కువ భాగం ఎర్ర జామ పొదలే. చిన్న చిన్న ఎర్రటి పళ్లు కాసే ఈ జామ బయటి నుంచి తెచ్చిన మొక్క. స్థానికమైన చెట్లను నెట్టేసి దీవంతా పాకిపోయింది. మారిషస్‌లో పాత అడవి ఇప్పుడు రెండు శాతానికి మించి లేదంటారు. ఏటవాలు దారిలో చెయ్యి ఆనించుకోవడానికి దొరికేవి కూడా ఈ జామ కొమ్మలే. ఏ కొమ్మ పట్టుకోవచ్చో, ఏది ఊడి చేతికొస్తుందో మా గైడు ముందే ఊపి చూసి చెప్పేవాడు. వదినకి ముందు నడిచి, ఆవిడ పాదం పడవలసిన రాయి మీద తన పాదం అడ్డంగా పెట్టి నిలబడేవాడు. అలా నెమ్మదిగా మొదటి జలపాతం తల దగ్గరకు, తర్వాత రెండో దాని కొలను దగ్గరకు చేరాం. నీరు లేత ఆకుపచ్చగా, అడుగు రాళ్లు కనిపించేంత తేటగా ఉంది. పడుతున్న చోట మాత్రం తెల్లటి నురగ, ఆ వెనక తడిసి మెరుస్తున్న నల్లరాతి గోడ. అమ్మాయి ఈదింది. మిగతావాళ్లం కాళ్లు వేలాడేసి కూర్చున్నాం.

అక్కడ కూర్చున్నంతసేపూ మా గైడు జలపాతాన్ని చూడలేదు. ఆ కొలనులో నీరు తగిలే చోట ఒక రాతి అంచుని చూస్తున్నాడు. ఏమిటని అడిగితే చూపించాడు. రాయి మీద తడి గీత ఒకటి ఉంది. మేం వచ్చినప్పుడు నీరు ఆ గీత దగ్గర ఉంది. నీరు దాన్ని దాటినా, నీటిలో మట్టి రంగు కనిపించినా, పచ్చి ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, శబ్దం లోతుగా మారినా ఒక్క క్షణం ఉండకూడదని చెప్పాడు. అవేవీ జరగలేదు. అయినా కాసేపటికి పైన మబ్బు దిగడం చూసి, "ఇక పైకి వెళ్దాం" అన్నాడు. మూడో జలపాతం శబ్దం కింద వినిపిస్తూనే ఉంది. అమ్మాయి ఒక్కసారి అటు చూసి, తల తుడుచుకుని, బూట్లు తొడుక్కుంది. ఎవరం మాట్లాడలేదు. లేచి నడిచాం.

పైకి వచ్చేసరికి సన్నటి తుంపర పడింది. అంతే. గట్టి వాన రాలేదు. మూడో జలపాతం చూసి వచ్చినా ఏమీ అయ్యేది కాదేమో. ఆ రోజంతటిలోనూ నేను ఎక్కువగా ఆలోచించింది దీని గురించే. సరైన సమయంలో అన్న "వద్దు" నిజమో కాదో ఎప్పటికీ తేలదు. వెనక్కి తిరిగారు కాబట్టి ప్రమాదం జరగలేదు. ప్రమాదం జరగలేదు కాబట్టి, తిరగకపోయినా బాగానే ఉండేదని అనిపిస్తుంది. మంచి గైడు తన జీవితమంతా రుజువు లేని నిర్ణయాలు చేస్తూ గడుపుతాడు. రుజువు కావాలని పట్టుపట్టేవాళ్లతో అతను పని చెయ్యలేడు.

రుజువు దొరికిన సందర్భాలు మనకీ ఉన్నాయి. 2023 జూలైలో ములుగు జిల్లా అడవుల్లోని ముత్యాలధార జలపాతం చూడడానికి వెళ్లిన సుమారు ఎనభై మంది తిరుగు దారిలో చిక్కుకుపోయారు. వెళ్లేటప్పుడు దాటిన వాగు, వచ్చేటప్పటికి పొంగి దారి మూసేసింది. విపత్తు సహాయక దళాలు వెళ్లి వాళ్లని బయటకు తెచ్చాయి. వాళ్లు క్షేమంగా రావడం మన అదృష్టం. జలపాతం చూస్తున్నప్పుడు మన కళ్లు పడే నీటి మీద ఉంటాయి, వెనక దాటివచ్చిన వాగు మీద ఉండవు. ఆ వాగుని తలుచుకునే మనిషి జట్టులో ఒకరుండాలి. బొగత దగ్గరైనా, కుంటాల దగ్గరైనా, తలకోన దగ్గరైనా ఆ మనిషి అవసరం అంతే. మారేడుమిల్లిలో గిరిజనులే వన సంరక్షణ సమితి ద్వారా పర్యాటకాన్ని నడిపిస్తున్నారు. ఏ వాగు ఏ గంటకి ఎలా ఉంటుందో వాళ్లకి పుట్టుకతో తెలుసు. మన దగ్గర లేనిది ఆ తెలివి కాదు. దాన్ని వినే అలవాటు, దానికి కూలి కట్టే అలవాటు. పోలీసు హెచ్చరిక బోర్డు ఎవరి మొహాన్నీ చూడదు. ఊరి మనిషి మొహం చూసి, మోకాళ్లు చూసి, మబ్బు చూసి చెబుతాడు. అలాంటివాళ్లకి శిక్షణా, గుర్తింపూ, వాన రోజుల్లో జలపాతం మూసేసినా ఆగని జీతమూ ఇస్తే, మన అడవుల్లో వానాకాలం ఇంత భయంగా గడవదు.

సెలవుల్లో జలపాతానికి నడక పెట్టుకునే వాళ్లకి నేను చెప్పేది ఇదే. ఎంతెత్తు, ఎంత దూరం, ఈదవచ్చా అని అడగండి. కానీ వీటన్నిటికన్నా ముందు, "ఏం కనిపిస్తే మమ్మల్ని వెనక్కి తిప్పుతారు?" అని అడగండి. ఏమీ కాదండీ, ఎప్పుడైనా వెళ్లొచ్చు అన్నవాళ్లని వదిలేయండి. నీటి రంగు గురించి, పై మబ్బు గురించి, మీ ఇంట్లో పెద్దవాళ్ల కాళ్ల గురించి చెప్పే మనిషి దొరికితే బేరమాడకండి. వెనక్కి తిప్పినా పూర్తి కూలి ఇస్తామని ముందే చెప్పండి. ఆ మాట చెప్పాక, అతను తిరగమన్నప్పుడు తిరగండి.